పనిముట్టు పట్టిన గురువు: జి. డి. నాయుడుగారి జీవితము

మన పాఠశాలలలో గురువులు రెండు విధములుగా కనబడుదురు. నల్లబల్ల ముందు నిలిచి సుద్దముక్కతో బోధించువారు కొందరు. చేతిపని గదిలో ఆకురాయియు రంపమును చేతబట్టి బోధించువారు మరికొందరు. మొదటివారి మాటలు మనకు చిరకాలము జ్ఞాపకముండును. రెండవవారి పాఠము మన వ్రేళ్ళలో నిలిచిపోవును గాని, వారి పేరు చెప్పుకొనుట అరుదు. ఈ రెండవ విధమైన గురువులలో అగ్రగణ్యులైన శ్రీ జి. డి. నాయుడుగారి చరిత్రమును ఈ వ్యాసమున సంగ్రహముగా తెలుపదలచితిమి. బడి యనిన పారిపోయిన బాలుడు కడకు ఒక ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలగుట లోకమున తరచుగా జరుగు విషయము కాదు గదా!

ధర్మపురి ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదువుకొను మన బాలబాలికలకు ఈ చరిత్రముతో దగ్గరి సంబంధము కలదు. నాయుడుగారు మనవలెనే ఇంట తెలుగును, వీధిలో తమిళమును వినుచు పెరిగినవారు. అదియు గాక, మన తలిదండ్రులు తరచుగా వేయు ప్రశ్న యొకటి కలదు: ఈ చదువు రేపు కూడు పెట్టునా యని. ఆ ప్రశ్నకు నాయుడుగారి జీవితము సంపూర్ణమైన సమాధాన మీయజాలదు. కాని ఆ ప్రశ్ననే మరియొక విధముగా వేసికొనుట నేర్పగలదు: చదివినది చేతికి వచ్చినదా, లేదా?

నాయుడుగారి పూర్తిపేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. వారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు చేరువనున్న కలంగల్ గ్రామమున ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. తండ్రి గోపాలస్వామి నాయుడుగారు. బాలుని పసితనముననే తల్లి గతించెను. విజయనగర రాజుల కాలమునను, పిదప మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కోయంబత్తూరు, సేలము, ధర్మపురి ప్రాంతములలో అనేకములు కలవు. వారు నేల దున్ని, బావులు త్రవ్వి, తమిళ సోదరులతో కలసిమెలసి జీవించుచు, ఇంట మాత్రము తెలుగును విడువకుండిరి. నాయుడుగారి కుటుంబము అట్టివానిలో నొకటి.

బాలుడైన దొరస్వామికి బడిలో మనసు నిలువలేదు. ఉపాధ్యాయుల కన్నులలో ఇసుక చల్లి పారిపోయెననియు, అంతటితో బడికిని ఆతనికిని ఋణము తీరెననియు చెప్పుదురు. ఈ చేష్ట అనుకరింపదగినది కాదని వేరుగ వ్రాయనక్కరలేదు. తండ్రి బాలుని పొలముపనికి పంపెను. అక్కడ ఆతడు ఊరకుండక స్వయంకృషిచే చదువుకొనెను. అల్లరిపిల్లవానిలో నుండు ఆ చిలిపితనము నాయుడుగారిని ముదిమి వరకు విడువలేదు. వారు పెద్దవారైన పిదప పరిహాసప్రియులని పేరుపొందిరి. గంభీరవదనముతో గొప్పతనము ప్రకటించువారిని నవ్వించుటయో, నివ్వెరపరచుటయో వారికి మిక్కిలి ఇష్టము.

వారి యౌవనారంభమున ఒక ఆంగ్లేయ ఉద్యోగి రడ్జ్ అను పేరుగల మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దు లేక, గుఱ్ఱము లేక పరుగెత్తు ఆ బండిని చూచిన పల్లెవారందరును ఆశ్చర్యపడిరి. దొరస్వామి మాత్రము ఆశ్చర్యముతో తృప్తి చెందలేదు. అది యేల పరుగెత్తుచున్నదో తెలిసికొనవలయునని పట్టుదల కలిగెను. కోయంబత్తూరునకు పోయి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరి, కొన్నియేండ్లు పైసా పైసా కూడబెట్టి, సుమారు 300 రూపాయలతో ఆ మోటారు సైకిలునే కొనెను. కొన్నవాడు ఎక్కి ఊరంతయు తిరుగుటకు మారుగా దానిని విప్పి ముక్కముక్కలు చేసెను. మరల కూర్చెను.

చదువరులు ఈ చోట ఒకింత ఆగి ఆలోచింపవలయును. అట్టి యంత్రమును విప్పినవానికి లోపల ఏమి కనబడును? పెట్రోలు ఆవిరి గాలితో కలసి సిలిండరులోనికి వచ్చును. పిస్టను దానిని అదిమి నొక్కును. ఆ సమయమున నిప్పురవ్వ పుట్టి ఆవిరిని రగుల్చును. ఆ మంట బలమున పిస్టను క్రిందికి త్రోయబడును. ఆ త్రోపుడే చక్రమునకు తిరుగుడుగా మారును. ఈ నాలుగు పనులలో ఏ యొక్కటి వేళ తప్పినను బండి కదలదు. విప్పునపుడు కడపట తీసిన భాగమును కూర్చునపుడు మొదట పెట్టవలయును. ఏ మర ఏ రంధ్రమునకు చెందినదో మరచినచో శ్రమ యంతయు వ్యర్థము. క్రమము, ఓర్పు, జ్ఞాపకము అను మూడు పాఠములను ఏ గురువును చెప్పకయే ఆ యంత్రము ఆయనకు చెప్పెను. ఆ పిమ్మట ఆయన మెకానిక్కు పనిలో ప్రవేశించెను.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆయన ప్రత్తి వ్యాపారమున దిగి ధనము గడించిరి. బొంబాయికి పోయి అదే వ్యాపారమున ఆ ధనమును పోగొట్టుకొనిరి. చేతిలో చిల్లిగవ్వ లేక తిరిగి వచ్చిన ఆయనకు కోయంబత్తూరులోని రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుడు తోడ్పడెను. 1920వ సంవత్సరమున ఆయన ఒక బస్సును సంపాదించి పొల్లాచ్చికిని పళనికిని నడుమ నడుపసాగిరి. సొంతదారుడును, డ్రైవరును ఆయనయే. ఆ రోజులలో బాటలు గతుకులు. దారిలో బస్సు చెడినచో సహాయము చేయువారుండరు. ఎక్కడ ఆగెనో అక్కడనే, ఎండలో, ప్రయాణికుల కన్నుల యెదుట, బాగుచేసి తీరవలయును. అంతకంటె కఠినమైన పరీక్ష ఏ కళాశాలయందు ఉండును?

ఆ యొక్క బస్సు కొన్ని సంవత్సరములలో యు. ఎం. ఎస్. అను గొప్ప సంస్థగా పెరిగెను. దేశమున మిక్కిలి సమర్థముగా నడచు బస్సు సంస్థలలో నొకటిగా అది పేరుపొందెను. బస్సులు పెరిగినకొలది వానిని బాగుచేయు పనివారును పెరుగవలయును. ఆ పనివారు బడినుండి సిద్ధమై వచ్చువారు కారు. నాయుడుగారు పల్లెల పిల్లలను చేర్చుకొని, పని చేయించుచు పని నేర్పిరి. ఆ విధముగా ఆయన కార్ఖానాయే ఆయన తొలి పాఠశాల యయ్యెను. బస్సుల యజమాని యని లోకము తలచినను, ఆయనలోని గురువు ఆనాడే మేల్కొనెనని మా యభిప్రాయము.

ఇంతలో కోయంబత్తూరు ప్రాంతమున ఒక మహత్తర పరివర్తనము సంభవించెను. 1932వ సంవత్సరమున నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రము పని ప్రారంభించెను. నూలుమిల్లులకును, పొలముల బావులకును విద్యుత్తు అందసాగెను. కాని విద్యుత్తు వచ్చినంతమాత్రమున నీరు పైకి రాదు, మోటారు కావలయును. మోటారులు విదేశములనుండి రావలసియుండెను. ఈ లోటును గమనించి, డి. బాలసుందరం నాయుడుగారి నేర్పుతో, నాయుడుగారు పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు అను కర్మాగారమున 1937వ సంవత్సరమున మోటారును తయారుచేయించిరి. భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారు ఇదియే యని ప్రసిద్ధి. బాలసుందరం నాయుడుగారు తరువాత టెక్స్‌టూల్ అను సంస్థను స్థాపించి తామును కీర్తి గడించిరి. నాటినుండి కోయంబత్తూరు పంపుసెట్లకు పుట్టినిల్లయ్యెను. వానకై ఆకాశమువైపు చూచు మన ధర్మపురి మెట్టపొలములలో, బావిగట్టున రాత్రింబగళ్ళు మ్రోగుచుండు పంపుసెట్లలో అనేకములు ఆ నగరమున పుట్టినవే. ఆ మ్రోత వినునపుడు మనము ఈ మహనీయుని స్మరించుట యుక్తము.

నాయుడుగారు ఐరోపా ఖండమున పలుమారులు సంచరించిరి. జర్మనీ దేశపు కర్మాగారములను శ్రద్ధగా పరిశీలించిరి. 1936వ సంవత్సరమున లండను నగరమున అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రముగా తీసిరి. ఎండు బ్యాటరీతో నడచు చిన్న మోటారు గల రేసంట్ అను క్షవరయంత్రము, మిక్కిలి పలుచని క్షవరపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓటుయంత్రము మున్నగునవి ఆయన సృష్టించినవే. 1941వ సంవత్సరమున, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగములు సలిపిరి. సర్ సి. వి. రామన్, సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ప్రాజ్ఞులు ఆయన పొలమును దర్శించిరి. ఉదయము పునాది వేసి సాయంకాలమునకు ఇల్లు ముగించి ఊరివారిని నివ్వెరపరచిరి. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత ఆయన యెదుట ఒకనాటికి ఓడిపోయినది!

ఇక వారి జీవితమున ముఖ్యఘట్టమునకు వత్తము. రెండవ ప్రపంచ యుద్ధము దేశమునకు ఒక సత్యమును నేర్పెను. విమానమును ఆకాశమున నడుపు వీరుని లోకము కొనియాడును. కాని ఆ విమానము లేచుటకు ముందు నేలపై దాని ఇంజనును విప్పి, తుడిచి, మరల బిగించు పనివారు ఎందరో కావలయును. వారిలో నొకడు ఒక్క మరను వదులుగా విడిచినను వీరుని ప్రాణము దక్కదు. అట్టి పనివారు దేశమున చాలినంతమంది లేరు. కావున ప్రభుత్వము 1940వ సంవత్సరమున యుద్ధకాల సాంకేతిక శిక్షణను ప్రారంభించి, యువకులకు స్వల్పకాలముననే ఫిట్టరు, టర్నరు మొదలగు పనులు నేర్పింపసాగెను. నిదానముగా నేర్పవలసినదని తలచిన విద్యను త్వరగా నేర్పవచ్చునని దీనివలన తేలెను.

1944వ సంవత్సరమున నాయుడుగారు మోటారు వ్యాపార బాధ్యతలనుండి విరమించి, పరిశోధకులకు విరాళములను, పనివారికి సంక్షేమ పథకములను ప్రకటించిరి. వారి కృషిచేతను, దానముచేతను కోయంబత్తూరున ఒక పాలిటెక్నిక్కును, 1945వ సంవత్సరమున ఒక ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థరు హోపు పేరు వానికి పెట్టబడెను. కళాశాలకు నాయుడుగారే ప్రిన్సిపాలుగా నుండిరి. పట్టము లేనివాడు పట్టములిచ్చు కళాశాలకు అధిపతి యయ్యెను! ఈ విచిత్రమునకు నవ్వుకొన్నవారిలో ఆయనయే మొదటివాడై యుందురని మేము ఊహించుచున్నాము.

కాని అచ్చట ఆయనకు ప్రభుత్వముతో అభిప్రాయభేదము కలిగెను. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరములు అనవసరమనియు, రెండే చాలుననియు ఆయన వాదించిరి. పనికిరాని భాగములను తొలగించి, యంత్రముల నడుమ విద్యార్థిని నిలిపినచో సగము కాలము మిగులునని వారి నమ్మకము. ప్రభుత్వము అందుల కంగీకరింపలేదు. నాయుడుగారు పదవిని త్యజించిరి. తాము విరాళమిచ్చి నెలకొల్పిన కళాశాలను, తమ మాట చెల్లనందున, తామే విడిచిపోవుట సామాన్యమైన బాధ కాదు. వారి సంపదలో పోయిన దేదియు వారిని ఇంతగా నొప్పించియుండదు.

ఈ వివాదమున న్యాయ మెవరిది? మేము పక్షపాతము లేక చూడ యత్నింతుము. చదువక మునుపు కాకరకాయ, చదివిన పిమ్మట కీకరకాయ యని మన పెద్దలు చెప్పు సామెత కలదు. చేతికి రాని చదువును ఆ సామెత పరిహసించుచున్నది. నాయుడుగారి వాదమును అదియే. అయినను, వంతెన కట్టువానికి బరువుల లెక్క తెలియవలయును. లెక్క తెలియుటకు గణితము కావలయును. గణితమునకు కాలము కావలయును. అందరును నాయుడుగారి వలె యంత్రమునుండియే శాస్త్రమును పిండుకొనజాలరు. కాబట్టి నాలుగేండ్లు రెండేండ్లగుటయే పరిష్కారమని మేము చెప్పము. ఆయన వేసిన ప్రశ్న మాత్రము నేటికిని నిలిచియున్నది: విద్యార్థి గడపిన ప్రతి దినమునకు ఫలమేమి? దేశము ఆ ప్రశ్నను పూర్తిగా త్రోసిపుచ్చలేదు. 1950వ సంవత్సరమున వృత్తిపనివారి శిక్షణ పథకమును, 1961వ సంవత్సరమున అప్రెంటిసు చట్టమును వచ్చినవి. కర్మాగారమున పని చేయుచు నేర్చుకొనుట గౌరవనీయమైన విద్య యని చట్టమే ఒప్పుకొనెను.

తరువాతి సంవత్సరములు నాయుడుగారికి చిక్కులు లేనివి కావు. 1952వ సంవత్సరమున ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును 2,000 రూపాయల వెలతో తయారుచేసిరి. కావలసిన అనుమతి ప్రభుత్వమునుండి లభింపనందున ఆ పని నిలిచిపోయెను. పన్నుల భారమును నిరసించుచు, తమ కర్మాగారమున తయారైన వస్తువులను బహిరంగముగా పగులగొట్టి ప్రదర్శన చేసిరి. వారి మిత్రులైన పెరియార్ ఇ. వె. రామస్వామిగారే ఆ కార్యమును మెచ్చక తప్పుపట్టిరని చెప్పుదురు. మేమును పెరియార్‌గారి పక్షముననే నిలుతుము. కూర్చుటయే విద్యగా గలవాడు తాను కూర్చినదానిని పగులగొట్టుట చూచువారికి దుఃఖము కలిగింపకుండునా? నవ్వుచు నవ్వించుచు తిరిగిన ఆ మనిషి హృదయమున ఎంత వేదన యుండెనో ఆ యొక్క చేష్ట తెలుపుచున్నది.

అయినను ఆయన బోధింపవలయునను కోరిక చావలేదు. 1967వ సంవత్సరమున కోయంబత్తూరులో ఒక పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. యంత్రములను, వాని భాగములను జనులు కన్నులార చూచి తెలిసికొనుటకు అది యేర్పడినది. కళాశాలలో చెప్పనీయని పాఠమును గోడలు లేని తరగతిగా అందరికిని చెప్పిరని మనము భావింపవచ్చును. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు పరమపదించిరి.

వారు విడిచిన కళాశాల తరువాత తడాగం రోడ్డునకు మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాల యను పేర నేటికిని వేలకొలది ఇంజనీర్లను తీర్చిదిద్దుచున్నది. కళాశాల పూర్వమున్న తావునకు మాత్రము హోప్ కాలేజి యను పేరు నిలిచిపోయెను. బస్సులోని జనులు నేటికిని ఆ పేరు చెప్పియే దిగుదురు. ఆ పేటమీదుగా సాగు అవినాశి రోడ్డుపై నిర్మింపబడి 2025వ సంవత్సరమున తెరువబడిన, సుమారు 10 కిలోమీటర్ల పొడవుగల ఎత్తువంతెనకు ప్రభుత్వము జి. డి. నాయుడుగారి పేరు పెట్టినది. బస్సు డ్రైవరుగా జీవితమారంభించినవానికి ఇంతకంటె తగిన స్మారక మేది?

చదువరులారా! ఈ చరిత్రమును చదివి బడి మానుట మేలని ఎవ్వరును తలపరాదు. నాయుడుగారు విడిచినది బడిని మాత్రమే. చదువును ఒక్క దినమైనను విడువలేదు. ఆయనకు కుదిరిన అదృష్టము వేయిమందిలో ఒకనికైనను కుదరదు. మన చేతిలోనున్న పుస్తకము ఆనాటి దొరస్వామి చేతిలో లేని సంపద. ఆ సంపదకు ఆయన చేతిపనిని జోడించినచో మన కేమి లోటు?

ఇక మాధ్యమమును గూర్చి ఒక మాట. తెలుగులో చదివినవాడు యంత్రము ముందు వెనుకబడునని కొందరు భయపడుదురు. మర బిగియు దిశ అన్ని భాషలలోను ఒక్కటియే. నీరు పల్లమునకు పారుటయు, ఇనుము వేడికి వ్యాకోచించుటయు ఏ భాషనడిగి జరుగునవి కావు. తెలుగున చక్కగా గ్రహించినవానికి తమిళమునను, ఆంగ్లమునను వాని పేర్లు నేర్చుకొనుట కొలదికాలపు పని. గ్రహింపక వల్లించినవానికి ఏ భాషయు తోడ్పడదు.

కావున మన యింట చెడిన సైకిలు గాని, తిరుగక నిలిచిన పంకా గాని ఉన్నచో, పెద్దల అనుమతితో, విద్యుత్తును తొలగించి, జాగ్రత్తతో విప్పి చూతము. తీసిన మరలను వరుసగా కాగితముపై పెట్టుకొందము. మరల కూర్చునపుడు ఒక మర మిగిలినచో సిగ్గుపడక నవ్వుకొని, తిరిగి విప్పుదము. మన చేతిపని గురువులను పేరు పెట్టి తలచుకొందము. నాయుడుగారికి మనము చెల్లింపగల నివాళి ఇదియే.